రెండో బంతి లేచేదాకా

ఆమె పేరు బేబీ. ముద్దుపేరు కాదు, అసలు పేరే అది. స్కూలు రిజిస్టర్లోనూ అదే, పాస్‌పోర్టులోనూ అదే. నరసాపురంలో వల తప్ప మరో ఆస్తి లేని ఇంట్లో పుట్టిన పిల్లకి తాతగారు ముచ్చటపడి పెట్టుకున్న పేరు. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆ పేరుతో ఉత్తరం రాస్తే, బెర్లిన్ నుంచి ఒకాయన ఇది నిజంగా మనిషేనా అని తిరుగు ఉత్తరం రాశాడు. మనిషే. అంతేకాదు, ఆ కార్తీకమాసంలో రాజమండ్రిలో జరగబోయే ఓపెన్ సోర్స్ సదస్సులో ఎవరు ఎప్పుడు ఏ హాల్లో మాట్లాడాలో తేల్చే సంఘానికి పెద్ద.

ఆ సదస్సు చిన్నదేమీ కాదు. ఎవరైనా చూసుకోండి, వాడుకోండి, నచ్చినట్టు మార్చుకోండి అని లోకానికి వదిలేసిన సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళు ఏడాదికోసారి కలుసుకునే తీర్థం. పన్నెండువందలమంది వస్తారు. ఎప్పుడూ బెంగళూరు, పూణే అంటూ తిరిగేదాన్ని ‘ఒక్కసారి మా గోదావరికి రండి’ అని పిలిచింది బేబీయే. పిలిచేటప్పుడు అందరికీ బాగానే ఉంటుంది.

మాట్లాడతామని అడిగినవాళ్ళు నాలుగువందల ముప్పైఒక్కమంది. ఉన్న చోటు యాభై ఎనిమిదిమందికి. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో వడ్డించారన్న మాట రాకూడదని పేర్లు దాచిపెట్టి, ఏడుగురు కూర్చుని, ఒక్కొక్కటీ చదివి మార్కులు వేశారు. రెండువందల పదిహేడో నంబరు దగ్గర బేబీ ఆగిపోయింది. ‘నా తర్వాత ఈ పని ఎవరు చేస్తారు?’ అని దాని పేరు. పేరు దాచినా ఆ మాటతీరు దాగలేదు. తెలిసిన మనిషిది కాబట్టి దానికి తను మార్కు వేయకుండా పక్కన పెట్టేసింది. మిగతా ఆరుగురూ వేశారు. మొత్తం మీద అది మూడో స్థానంలో నిలిచింది. పేర్లు విప్పి చూస్తే అనుకున్నదే, త్రిమూర్తులు గారు, నరసాపురం.

త్రిమూర్తులు గారికి అరవై రెండేళ్ళు. రేవు దగ్గర చిన్న కొట్లో బోట్లవాళ్ళ జీపీఎస్ పెట్టెలు బాగుచేస్తూ బతికిన మనిషి. పదహారేళ్ళ కిందట సొంతంగా నేర్చుకుని ‘పోటు’ అని ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక ఒకచోట ఉండదు. పోటు మీద దాటితే బోటు సాఫీగా పోతుంది, ఆటు మీద దాటితే ఇసుకకి తగిలి తిరగబడుతుంది. ఎన్ని గంటలకి దాటాలో సిగ్నల్ లేని ఫోన్లో కూడా చెబుతుంది ఆ సాఫ్ట్‌వేర్. ఆయన దాన్ని అందరికీ వదిలేశారు. కేరళవాళ్ళు తమ మొగలు కలుపుకున్నారు, ఒడిశావాళ్ళు తమవి కలుపుకున్నారు. ఇప్పుడు పదకొండువేల బోట్లు ఆ అంకె చూసుకుని సముద్రంలోకి పోతున్నాయి. బేబీ తమ్ముడు చిట్టియ్య బోటు అందులో ఒకటి.

అయితే ఇసుక కదులుతుంది కాబట్టి లెక్క కూడా కదలాలి. రోజూ తెల్లారుజామున బోట్లవాళ్ళు ఫోన్ చేసి ఎక్కడ ఎంత లోతు తగిలిందో చెబుతారు, త్రిమూర్తులు గారు కూర్చుని దిద్దుతారు. ఆ దిద్దుబాటు నెల రోజులు ఆగితే అంకె తప్పు చెబుతుంది. ఇప్పుడు ఆయన కళ్ళకి నీటికాసులు. చుట్టూ చీకటి కమ్ముకుని, చూపు నడిమధ్యన గొట్టంలోంచి చూసినంత మిగిలింది. వేసవి దాకా అదీ నిలవదని డాక్టరు చెప్పేశాడు. వారసుడు కావాలని ఇంటర్నెట్లో రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నారు. ముగ్గురు ఉత్సాహంగా వచ్చారు, నాలుగు ప్రశ్నలు అడిగారు, మళ్ళీ కనపడలేదు.

‘‘మనిషి మొహం చూసి అడగడం వేరమ్మా,’’ అన్నారాయన ఎంపికైన సంగతి చెప్పిన రోజున. ‘‘వెయ్యిమంది ఉంటారన్నావు. ఇరవై నిమిషాలు చాలు. వెయ్యిమందిలో ఒక్కడు దొరక్కపోడు.’’

నువ్వే చేయొచ్చుగా అని బేబీని అడగనివాళ్ళు లేరు. ఆమె ప్రోగ్రాములు రాసే మనిషి కాదు, వాటిని ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాసే మనిషి. అయినా రెండేళ్ళ కిందట ప్రయత్నించింది. మూడోవారంలో కూడాల్సిన చోట తీసేసింది. బోట్లకి చేరకముందే త్రిమూర్తులు గారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ఆ లెక్కల జోలికి వెళ్ళలేదు.

అందుకే ఆయనకి అన్నిటికంటే మంచి చోటు ఇచ్చింది. శనివారం పదకొండున్నర, తొమ్మిదివందల కుర్చీల పెద్ద హాలు. అప్పటికి జనం టీ తాగి ఉంటారు, ఆకలి ఇంకా మొదలవదు. కంప్యూటర్లో ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసుకుని, మిగతా యాభై ఏడుమందినీ దాని చుట్టూ సర్దింది.

ఆ సర్దుబాటు పదిరోజులు నిలిచింది.

సదస్సుకి చోటిచ్చినది అప్పాజీ గారు. కడియం అవతల పెద్ద రైతు. రాజమండ్రి ఊరి చివర తోట మధ్యలో ఫంక్షన్ హాలు కట్టించారు. అద్దె మాటెత్తితే చెవులు మూసుకున్నారు. ‘‘పన్నెండువందలమంది చదువుకున్నోళ్ళు మా తోటకి రావడమే గొప్పండి,’’ అన్నారు. బేబీ ఆయనకి కార్యక్రమం కాగితం చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర వేలు పెట్టారు.

‘‘ఇదేంటమ్మా, బఫే అని రాశావు?’’

‘‘అంటే, ఎవరికి వాళ్ళు ప్లేటు తీసుకుని...’’

‘‘బఫే అంటే తెలుసమ్మా నాకు. నిలబడి తినే భోజనం మా తోటలో లేదు. అరిటాకేసి, కూర్చోబెట్టి, వడ్డించాల్సిందే. ఎక్కడెక్కణ్ణించో వస్తున్నారు, వాళ్ళని చిప్ప పట్టుకుని లైన్లో నిలబెడతామా?’’

భోజనాల హాల్లో నాలుగువందలమంది పడతారు. పన్నెండువందలంటే మూడు బంతులు. బంతికి ముప్పావుగంట. అంటే రెండుంపావు గంటల భోజనం. బేబీ అక్కడే నిలబడి మనసులో లెక్క వేసుకుంది. ఆరుగురి ప్రసంగాలు ఎగిరిపోతాయి. ‘కుదరదండి’ అన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆయన అప్పటికే ఆమె చేతిలో కొబ్బరిబొండం పెట్టి, కంద బచ్చలి కూర చేయించనా, పనసపొట్టు చేయించనా అని అడుగుతున్నారు.

‘‘రెండూ బాగుంటాయండి,’’ అంది బేబీ.

మన గోదావరివాళ్ళకి ఉన్న జబ్బు ఇది. కాదు అనే మాట మనకి నోరు తిరగదు. ఎదుటివాడు నొచ్చుకుంటాడని అవుననేస్తాం, ఆ అవును కింద నలిగిపోయేవాడి మొహం ఆ నిమిషానికి మనకి కనపడదు.

ఇంటికొచ్చి గడులన్నీ చెరిపి మళ్ళీ వేసింది. ఎలా తిప్పినా త్రిమూర్తులు గారి పదకొండున్నర మాత్రం కదపలేదు. అప్పుడు జ్ఞానప్రకాశం ఫోన్ చేశాడు. సదస్సుకి సాయం చేసే కంపెనీలతో మాట్లాడే పని అతనిది. మెత్తని మనిషి, చీమకి కూడా అండి తగిలిస్తాడు.

‘‘బేబీ గారండీ, చిన్న ఇబ్బందండి. ఆ హైదరాబాదు కంపెనీ పెద్దాయనకి మూడింటికి ఫ్లైటటండి. పదకొండున్నర ఇవ్వగలరా అని అడుగుతున్నారండి. త్రిమూర్తులు గారిని ఒక్కసారి అడిగి చూడండి. ఆయనకి ఇబ్బందైతే వద్దులెండి, నేను వాళ్ళకి ఏదోటి చెప్పుకుంటాను.’’

బేబీకి ప్రాణం లేచొచ్చింది. త్రిమూర్తులు గారు ఇబ్బంది అంటే చాలు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎవరితోనైనా పోట్లాడొచ్చు. ఆ ధైర్యంతోనే ఆయనకి ఫోన్ చేసింది.

‘‘బాబాయ్ గారూ, ఎవరో కంపెనీ పెద్దాయనకి విమానం ఉందట, మీ టైము భోజనాల తర్వాతకి, రెండున్నరకి మార్చమంటున్నారండి. మీకు ఇబ్బందైతే చెప్పేయండి. నేను ఒప్పుకోను.’’

అవతల ఆయన భార్య మరిడమ్మ గారు వంటింట్లోంచి ఏదో అడుగుతున్నారు.

‘‘అబ్బే, నాదేముందమ్మా,’’ అన్నారాయన. ‘‘పాపం ఆయనకి విమానం ఉందంటున్నావు కదా. ముందు వాళ్ళని కానివ్వు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఒకటేనంటారు. వడ్డించేది నువ్వేగా.’’

‘‘నిజంగా పర్లేదాండి?’’

‘‘ఆయ్. పర్లేదమ్మా. మరీ పొద్దుపోకుండా ఇంటికి చేరితే చాలు. రాత్రి మీ పిన్నికి ఇన్సులిన్ నేనే ఇవ్వాలి. మూడూ ముప్పావు బస్సుకి ఎక్కించెయ్యి.’’

అలా ఆకుపచ్చ గడి రెండున్నరకి జరిగింది. భోజనం పన్నెండుంపావుకి మొదలైతే రెండున్నరకి మూడో బంతి కూడా లేస్తుంది. కాగితం మీద అంతా సరిపోయింది. కాగితం మీద సరిపోనిదేముంది!

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి ప్రారంభసభ. గంటలో అయిపోవాలి. తీరా చూస్తే వేదిక మీద పద్నాలుగు కుర్చీలున్నాయి. అప్పాజీ గారు ఊళ్ళో ఎవరినీ నొప్పించలేదు. ఒక్కొక్కరినీ పేరుపేరునా వేదిక మీదకి పిలవడం, పిలిచినవాళ్ళు ‘అబ్బే, నేనెందుకండి’ అనడం, ఇద్దరు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావడం, శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫోటో. కుర్చీలో ఉన్న పద్నాలుగుమందీ మాట్లాడారు. కంప్యూటర్ గురించి తమకేమీ తెలియదని ప్రతి ఒక్కరూ పది నిమిషాలు చెప్పారు.

బేబీ వేదిక పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ చెమటలు కక్కింది. ఓర్చుకోలేక చీటీ మీద ‘సమయం మించిపోయింది, దయచేసి ముగించండి’ అని రాసి మైకు దగ్గర ఉన్నాయనకి పంపింది. ఆయన చీటీ చదివి, వచ్చినవైపు చూసి, మొహం విప్పార్చుకున్నాడు.

‘‘ఇంతటి మహత్తర కార్యక్రమానికి రూపకల్పన చేసి, తెర వెనకే ఉండిపోయిన మన ఆడపడుచు బేబీ గారిని వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం!’’

చప్పట్లు మోగాయి. ఇద్దరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. శాలువా కప్పారు, దండ వేశారు, రెండు మాటలు చెప్పమన్నారు. ఆ శాలువా కింద బేబీ తన చేతులతో ఇంకో ఎనిమిది నిమిషాలు పోగొట్టింది.

ఆ తర్వాత ముఖ్య ప్రసంగం, విమానం అందుకోవాల్సిన కంపెనీ పెద్దాయన ప్రసంగం. మొదటి బంతి కూర్చునేసరికి ఒకటీ ముప్పావు. మొదటి బంతి ఎప్పుడూ పెద్దలదీ, ఊరివాళ్ళదీ. వేదిక మీదవాళ్ళూ వాళ్ళతో వచ్చినవాళ్ళూ తృప్తిగా తిని, కిళ్ళీ వేసుకుని, కార్లెక్కి వెళ్ళిపోయారు. ఎవరికోసం ఈ సదస్సు పెట్టారో ఆ జనంలో చాలామంది ఇంకా ఆకలితోనే ఉన్నారు.

రెండున్నరకి రెండో బంతి ఆకులు వేస్తున్నారు.

త్రిమూర్తులు గారు పెద్ద హాల్లో వేదిక మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఒళ్ళో చేతిసంచి. మనవరాలి చేత రాయించి జిరాక్సు తీయించిన కాగితాలు పది తెచ్చుకున్నారు. ఏ రోజు ఏం చేయాలి, ఏ మొగ దగ్గర ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ వరసగా ఉన్నాయి అందులో. భోంచేశారా అని బేబీ అడిగితే ‘మాట్లాడాక తింటాలేమ్మా, ముందు కుర్రాళ్ళని తిననీ’ అన్నారు. హాలు ఖాళీగా ఉందని ఆమె చెప్పలేదు. ఇప్పుడే వస్తానని భోజనాల హాలుకి పరుగెత్తింది.

నాలుగువందలమంది కూర్చుని ఉన్నారు. ఒక్కో కుర్చీ వెనకా ఒక్కో మనిషి, మూడో బంతి కోసం, కుర్చీవీపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తినేవాడు కదలలేడు, తినేవాడు లేచేదాకా వెనకవాడు కదలడు. ఎనిమిది వందలమందిని రెండు వరసల్లో మేకులు కొట్టి బిగించినట్టుంది. అప్పాజీ గారు పంచె ఎగ్గట్టి, నేతిగిన్నె పట్టుకుని, పూర్ణంబూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తున్నారు. ఆయన మొహంలో ఎంత సంతోషం ఉందంటే, ఆ మొహం చూస్తూ ఎవరూ ఏ చెడ్డమాటా చెప్పలేరు.

‘‘అప్పాజీ గారండీ, అక్కడ హాల్లో ఒక పెద్దాయన మాట్లాడాలండి. ఎవరూ లేరండి. ఒక యాభైమందైనా...’’

‘‘ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపుతామా అమ్మా? మహాపాపం కదూ!’’

‘‘పోనీ వెనకాల నిలబడ్డవాళ్ళనైనా పంపించండి.’’

‘‘వాళ్ళు నేను చెప్తే మాత్రం కదుల్తారా? కుర్చీ పోద్దని భయం. ఓ పని చెయ్యి. ఆ పెద్దాయన్నే ఇక్కడికి తీసుకురా. నా పక్కన కూర్చోబెట్టి నేనే వడ్డిస్తాను. కడుపు నిండాక ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.’’

ఎంతసేపైనా మాట్లాడుకోవడానికి లేదని, మూడూ ముప్పావు బస్సు తప్పితే ఆయన వేళకి ఇల్లు చేరలేడని, ఇంట్లో ఒకావిడ సూది కోసం ఎదురుచూస్తుందని చెబుదామని బేబీ నోరు తెరిచింది. ఆయన అప్పటికే పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయారు.

అప్పుడు మూడో వరసలోంచి ఒక కుర్రాడు చెయ్యి ఊపాడు. మెడలో కార్డు మీద గణేష్‌బాబు, విశాఖపట్నం అని ఉంది.

‘‘మేడమ్, ఆ పోటు గురించి మాట్లాడేది ఇప్పుడేనాండి? మా మావయ్య బోట్లో అదే వాడతారండి. నేను దానికోసమే వచ్చానండి.’’

అతను లేచాడు కూడా. సగం లేచి ఉండగా వెనకనుంచి అప్పాజీ గారి చెయ్యి మెత్తగా భుజం మీద పడింది.

‘‘బాబూ, పెరుగు పడకుండా లేస్తే మా ఇంటికి అరిష్టం. కూర్చో నాయనా.’’

గణేష్‌బాబు అలా సగం లేచే బేబీ వైపు చూశాడు. ఆమె రండి అంటే వచ్చేస్తాడు. అనాల్సింది ఒక్క మాట. నాలుగువందల ఆకులు, అప్పాజీ గారి నేతిగిన్నె, ఆ చుట్టుపక్కల తలెత్తి చూస్తున్న మొహాలు.

‘‘పర్లేదండి, తినండి తినండి,’’ అంది బేబీ నోరు. ‘‘నెమ్మదిగా తినండి.’’

అతను కూర్చున్నాడు. ‘‘వీడియో ఉంటుందిగా అండి?’’ అన్నాడు.

‘‘ఉంటుందండి.’’

హాలుకి తిరిగి వస్తూ బేబీ తనని తాను తిట్టుకుంది. తినమంటే తినమంది, నెమ్మదిగా అనే మాట ఎవడు తగిలించమన్నాడు?

హాల్లో తొమ్మిదివందల కుర్చీలకి తొమ్మిదిమంది ఉన్నారు. ఇద్దరు తలుపు దగ్గర కాపలా ఉన్న వాలంటీర్లు. ఒకడు ఏసీ మెకానిక్. ఒకడు గోడ దగ్గర ఫోన్ చార్జింగ్ పెట్టుకుని దాని పక్కనే కూర్చున్నాడు. మిగతా ఐదుగురు చల్లగా ఉందని కునుకు తీస్తున్నారు. కెమెరా మూడుకాళ్ళ మీద నిలబడి ఉంది, కంటికి మూత పెట్టి ఉంది. తీసే ఇద్దరూ రెండో బంతిలో ఉన్నారు.

టైము రెండూ ముప్పై ఎనిమిది. ఆపితే మూడు నిండేదాకా ఆపాలి, అప్పటికీ ఎవరూ రారు.

‘‘వచ్చారామ్మా జనం?’’ అన్నారు త్రిమూర్తులు గారు.

‘‘వస్తున్నారండి. మొదలుపెట్టేద్దాం.’’

ఆయన చెయ్యి పట్టుకుని మైకు దగ్గర నిలబెట్టింది. వేదిక దీపాల వెలుగు ఎదురుగా కొడుతోంది. ఆ వెలుగులో ఆయనకి మైకు తప్ప ఏమీ కనపడదు. తెర మీద బొమ్మలు మార్చడానికి బేబీ పక్కనే నిలబడింది.

ఆయన బాగా మాట్లాడారు. ఆ సంగతి చెప్పడానికి సాక్షి బేబీ ఒక్కతే. మొదటిసారి లెక్క కుదిరిన రోజున మొగ దాటొచ్చిన బోటువాళ్ళు ఆయన కొట్టు ముందు ఒక బుట్ట మాగచేపలు పెట్టి వెళ్ళిన సంగతి చెప్పారు. మలబారునుంచి ఒక కుర్రాడు తమ మొగ లెక్క పంపితే, భాష రాక ఇద్దరూ అంకెలతోనే మాట్లాడుకున్న సంగతి చెప్పారు. కునుకు తీస్తున్నవాళ్ళలో ఒకాయన తల అటు తిప్పుకుని పడుకున్నాడు.

‘‘నేను పోయాక ఎవరో చూసుకుంటారులే అనుకోవచ్చండి. కానీ నేను బతికుండగానే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలని ఉందండి. చూపు పోయినా లెక్క నోటితో చెప్పగలను. చేసే చేతులు కావాలండి. తమలో ఎవరైనా, ఒక్కరైనా, తీసుకుంటానంటే దయచేసి చెయ్యెత్తండి.’’

ఏసీ మెకానిక్ ఇటూ అటూ చూశాడు. త్రిమూర్తులు గారు ఆ వెలుగులోకి కాసేపు చూసి, బేబీ వైపు తల వంచి నెమ్మదిగా అడిగారు.

‘‘ఎంతమందమ్మా?’’

బేబీకి పొద్దున్నుంచీ ఎవరిమీదా తెచ్చుకోలేకపోయిన కోపమంతా ఏడుపుగా తన్నుకొచ్చింది. నిజం చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలో అంత ధైర్యం ఆమె పుట్టిన ఊళ్ళో ఎవరూ నేర్పలేదు.

‘‘నలుగురు ఎత్తారండి,’’ అంది.

‘‘మంచిది,’’ అన్నారాయన. మైకులో అందరికీ నమస్కారం చెప్పారు.

గేటు దాకా నడిచేసరికి మూడుంపావు దాటింది. రెండో బంతి లేచినట్టుంది, జనం చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. గణేష్‌బాబు పరుగున వచ్చి త్రిమూర్తులు గారికి నమస్కారం పెట్టాడు. మిస్సయ్యానండి అని నిజంగానే బాధపడ్డాడు. ఆయన సంచిలోంచి తడిమి ఒక కాగితం తీసి ఇచ్చారు. అతను మొదటి రెండు లైన్లు చదివాడు.

‘‘తెల్లవారి నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా... రోజూనాండి?’’

‘‘ఆదివారం కూడా బాబూ. చేపలకి ఆదివారం లేదు కదా.’’

గణేష్‌బాబు నవ్వాడు. కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ‘‘తప్పకుండా చూస్తానండి,’’ అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు.

ఇద్దరూ ఆటోలో బస్టాండుకి చేరారు. నరసాపురం బస్సు సిద్ధంగా ఉంది. బేబీ ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నీళ్ళసీసా, రెండు అరటిపళ్ళు చేతికిచ్చింది. కండక్టరుకి చెప్పి వచ్చింది. ఆయన సంచిలో మిగిలిన తొమ్మిది కాగితాలూ తీసి కిటికీలోంచి ఆమెకి అందించారు.

‘‘ఇవి నీ దగ్గరే ఉంచమ్మా.’’

‘‘ఆ నలుగురికీ ఇచ్చేస్తానండి,’’ అంది బేబీ.

ఆయన చిన్నగా నవ్వారు. ‘‘బేబమ్మా, నిండిన హాల్లో గొంతు ఒకలా వినపడద్ది. ఖాళీ హాల్లో తిరిగొచ్చి మన చెవికే తగుల్తది. చూపు తగ్గాక చెవులతోనే కదా బతుకుతున్నాను.’’

బేబీ కిటికీ కడ్డీ గట్టిగా పట్టుకుంది. ‘‘మరి తెలిసీ అంతసేపు ఎందుకు మాట్లాడారు బాబాయ్ గారూ?’’

‘‘ఆపేస్తే నువ్వు బాధపడతావని.’’

డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. త్రిమూర్తులు గారు కిటికీ దగ్గరికి ఒంగి, ఆ చప్పుడులో వినపడేలా కొంచెం గట్టిగా చెప్పారు.

‘‘ఆవేళ నువ్వు ఫోన్ చేసి టైము మారుస్తామన్నప్పుడు, కుదరదమ్మా అని నోటిదాకా వచ్చింది. నువ్వు రెండుసార్లు అడిగావు కూడా. ఎందుకో అనలేకపోయాను. నీ తప్పేం లేదు.’’

బస్సు కదిలింది. ఆమె ఎటువైపు ఉందో తెలియకపోయినా ఆయన చెయ్యి ఊపారు. రేపు తెల్లారి చిట్టియ్య మొగ దాటుతాడు, ఎల్లుండీ దాటుతాడు. వేసవి దాకా పర్లేదు. ఆ తర్వాత ఆ అంకె నెల తిరిగేలోగా తప్పుతుంది, ఫోన్ మాత్రం తెలియనట్టే చూపిస్తూ ఉంటుంది. బేబీ తొమ్మిది కాగితాలూ గుండెకి పెట్టుకుని బస్టాండు మధ్యలో నిలబడిపోయింది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ మోగింది. అప్పాజీ గారు. వెనకాల గిన్నెల చప్పుడు, నవ్వులు వినపడుతున్నాయి.

‘‘అమ్మా బేబీ, మూడో బంతి కూడా కూర్చుంది. ఎక్కడా నువ్వు కనపడలేదేంటమ్మా? అందరికీ పెట్టి నీకు పెట్టకపోతే నాకు ముద్ద దిగదు. భోంచేశావా లేదా?’’

‘‘చేశానండి,’’ అంది బేబీ. ‘‘చాలా బాగుందండి.’’